ఉర్లగడ్డ వేపుడుకి కొత్తిమీర, పుదీనా చాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

వంటల పేజీల్లో ఉర్లగడ్డ (బంగాళదుంప) అనగానే రోజ్‌మేరీ, థైమ్ లాంటి విదేశీ ఆకులు, ఓవెన్ అని రాస్తున్నారు, మా అనంతపురంలో మామూలు కూరగాయల అంగట్లో దొరికేది కొత్తిమీర, పుదీనా, కరివేపాకే కదా సార్, వాటితో చేసేది కూడా వెయ్యండి. చిన్న ఉర్లగడ్డలు తొక్కతోనే చన్నీళ్లలో ఉప్పేసి పొయ్యి మీద పెట్టాలి, మరిగే నీళ్లలో వేస్తే పైన మెత్తబడిపోయి లోపల గట్టిగానే ఉంటాయి. ఉడికాక నీళ్లు వంచేసి తడి బాగా ఆరనివ్వాలి, అసలు పని ఇక్కడే ఉంది, తడి ఉంటే ఎంత నూనె పోసినా ఎర్రగా వేగవు. చెనిక్కాయ (వేరుశనగ) నూనెలో జీలకర్ర చిటపటలాడాక గడ్డల్ని చేత్తో కొంచెం నొక్కి పగలగొట్టి వేసి, ఊరికే కలబెట్టకుండా ఒకవైపు కరకరలాడేదాకా వదిలేసి అప్పుడు తిప్పాలి, దంచిన తెల్లగడ్డ (వెల్లుల్లి) తిప్పినాకే వెయ్యాలి, లేకుంటే మాడి చేదొస్తుంది. కొత్తిమీర పుదీనా స్టవ్ ఆపినాకనే, ముందే వేస్తే వాసనంతా ఆవిరిలో పోతుంది. కాస్త నిమ్మరసం. చారన్నంలోకి, జొన్నరొట్టెలోకి చాలా బాగుంటుంది.

ఇంకోటి, ఆకుపచ్చగా తిరిగిన గడ్డల్లో, మొలకల్లో సోలనిన్ అనే విషపదార్థం ఎక్కువుంటుంది, ఉడికించినా పోదు, ఈ మాట కూడా ఒక లైన్ వేస్తే రూముల్లో ఉండి కొత్తగా వండుకునే పిల్లలకి పనికొస్తుంది.

– ఓ పాఠకురాలు, అనంతపురం