ప్రమాదంలో దెబ్బతిన్న కారు చరిత్ర కొనేవారికి ముందే తెలియాలి: కేంద్ర రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

విజయవాడలో చిన్న వ్యాపారం చేసుకునే నేను, ఒక పాత లగ్జరీ కారు కొనాలా వద్దా అన్న ప్రశ్నతో ఈమధ్య దాదాపు నెల రోజులు సతమతమయ్యాను. 2018 మోడల్ జర్మన్ సెడాన్ అది. అదే మోడల్‌కు మిగతా చోట్ల 24 లక్షలు చెబుతుంటే దీన్ని 14 లక్షలకే ఇస్తామన్నారు. యాక్సిడెంట్ అయిన మాట అమ్మే వ్యక్తి దాచలేదు. “ముందు బంపరు, బానెట్టు తగిలాయండీ, చిన్నదే, అన్నీ మార్పించేశాం” అన్నాడు. పది లక్షలు తక్కువకు వస్తున్నప్పుడు బంపరు, బానెట్టు మారితే ఏమవుతుందని నాకూ అనిపించింది.

అయినా మనసొప్పక, ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా టింకరింగ్ పని చేస్తున్న మేస్త్రీ ఒకాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన బానెట్టు వైపు కూడా చూడకుండా ముందు సీట్లో కూర్చుని, సీటు బెల్టును చివరిదాకా లాగి, అడుగున కుట్టి ఉన్న చిన్న లేబుల్ నాకు చూపించాడు. దాని మీద తయారీ సంవత్సరం 2021 అని ఉంది. “2018 బండికి 2021 బెల్టు ఎందుకొచ్చిందండీ? బంపరు తగిలితే బెల్టు మార్చరు కదా” అన్నాడు. గట్టిగా గుద్దుకున్నప్పుడు బెల్టును లోపలికి లాగి పట్టే ప్రిటెన్షనర్ ఒక్కసారే పేలుతుంది, ఆ తర్వాత బెల్టు మార్చాల్సిందే. అది పేలేంత దెబ్బ తగిలితే ఎయిర్‌బ్యాగ్‌లు కూడా తెరుచుకుని ఉండే అవకాశం ఎక్కువ. అమ్మేవారి మనిషి వద్దన్నా, చూడనిదే అడ్వాన్సు ఇవ్వనని నేను పట్టుబట్టడంతో, మేస్త్రీ బ్యాటరీ తీగలు తీసేసి, కాసేపు ఆగి, స్టీరింగ్ మధ్యలోని మూత విప్పాడు. లోపల ఎయిర్‌బ్యాగ్ లేదు. దాని కనెక్టర్‌కు, కొద్ది రూపాయలకు దొరికే ఒక చిన్న రెసిస్టర్ అతికించి ఉంది. ఆ రెసిస్టర్ ఉంటే బ్యాగ్ తన చోటే ఉందని కారులోని కంప్యూటర్ అనుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం అందరి కార్లలో లాగే వెలిగి ఆరిపోతుంది. ఎడమవైపు డ్యాష్‌బోర్డును, ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని వచ్చిన చోట వెనుక నుంచి జిగురుతో అతికి, పైన రంగు వేశారు. బొటనవేలితో తడిమితే తప్ప అది తెలియదు. పేలిన బెల్టు బిగుసుకుపోతే కొనేవాడు కూర్చోగానే పట్టేస్తాడు కాబట్టి బెల్టులు మార్చారు. బ్యాగ్ ఉందో లేదో కంటికి కనబడదు కాబట్టి దాన్ని వదిలేశారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో చేయి పెట్టి దేవినట్టు అవుతోంది.

నేను ఆ కారు కొనలేదు. అయితే అంతకుముందు మీ శాఖ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసినప్పుడు నాకు కనబడినది రిజిస్ట్రేషన్ చెల్లుబాటు ఉంది, బీమా ఉంది, ఫైనాన్స్ బాకీ లేదు అన్న సమాచారమే. ఆ కారుకు ప్రమాదం జరిగిందని గానీ, బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టిందా లేదా అని గానీ చెప్పే గడి అందులో లేనేలేదు. కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు అన్నిటికంటే ముందు కావలసినది అదే.

టోటల్ లాస్ అయిన ప్రతి కారూ పనికిరానిదని నేను అనడం లేదని ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. మరమ్మతు ఖర్చు వాహనం బీమా విలువలో 75 శాతం దాటితే మన పాలసీల ప్రకారం దాన్ని టోటల్ లాస్‌గా పరిగణిస్తారు. నాలుగేళ్లు దాటిన కారుకు తరుగు 50 శాతం కాబట్టి, 60 లక్షల కారు బీమా విలువ 30 లక్షలకు పడిపోతుంది. విడిభాగాల ధరలు మాత్రం కొత్త కారు లెక్కలోనే ఉంటాయి. రెండు హెడ్‌లైట్లు, రేడియేటర్, ముందు రాడార్, నాలుగైదు ఎయిర్‌బ్యాగ్‌లు, బెల్టులు, డ్యాష్‌బోర్డు కలిపితే, చాసిస్‌కు పెద్దగా దెబ్బ తగలకపోయినా బిల్లు అందులో 75 శాతమైన ఇరవై రెండున్నర లక్షలు దాటవచ్చు. అలాంటి కారును అసలైన భాగాలతో పద్ధతిగా బాగుచేయిస్తే నిక్షేపంగా తిరుగుతుంది. దాన్ని తెలిసి తక్కువ ధరకు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. మరోవైపు, క్లెయిమ్ 75 శాతం దాకా రాని కారులో కూడా బానెట్టు కింద ఇరుపక్కలా ఉండే అప్రాన్‌లనే లోపలి రేకులు వంగి ఉండవచ్చు, పైకప్పును మోసే పిల్లర్‌ను కోసి వెల్డింగ్ చేసి ఉండవచ్చు. ఈ కార్ల పిల్లర్లలో వాడే బోరాన్ ఉక్కును మంటతో కాల్చి సాగదీస్తే దాని బలం పోతుంది. అల్యూమినియం భాగాలను ప్రత్యేకమైన జిగుర్లతో, రివెట్లతో కలపాలి తప్ప మామూలు షెడ్డులో సుత్తితో సరిచేయడం కుదరదు. పైన పుట్టీ పెట్టి రంగు వేశాక ఈ తేడా మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? అందుచేత నేను కోరుతున్నది ఇలాంటి కార్ల మీద నిషేధం కాదు, వాటికి ఏం జరిగిందో చెప్పే రికార్డు.

చట్టంలో ఈ ఖాళీ ఎక్కడుందో మీకు తెలియనిది కాదు. శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయిన వాహనం సంగతి యజమాని పద్నాలుగు రోజుల్లోగా తెలియజేసి ఆర్సీ అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. కానీ పనికిరాకుండా పోయిందో లేదో ముందుగా అనుకోవలసినవాడు యజమానే. నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయర్లు ‘విత్ ఆర్సీ’ అని పిలిచే పద్ధతిలో క్లెయిమ్ తెగితే, నుజ్జయిన కారు చెల్లుబాటయ్యే కాగితాలతో సహా వేలంలో ఎక్కువ పాడినవారికి వెళ్లిపోతుంది. సొంత కార్ల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల దాకా చెల్లుతుంది కాబట్టి, ముక్కలు అతికి రోడ్డెక్కిన ఆ కారును ఆ మధ్యలో ఏ అధికారీ తప్పనిసరిగా పరీక్షించాలన్న నిబంధన లేదు. యాజమాన్య బదిలీకి మేం సంతకం చేసే ఫారం 29లో గానీ, ఫారం 30లో గానీ ప్రమాదం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

పాత వాహనాల డీలర్లకు అధికార పత్రం తప్పనిసరి చేస్తూ మీ శాఖ 2022 డిసెంబరులో ఇచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అది మంచి అడుగు. వాహనం డీలర్ చేతికి వచ్చిన సంగతి దానివల్ల నమోదవుతోంది, ఏ స్థితిలో వచ్చిందన్నది మాత్రం కావడం లేదు.

ఇందుకు కొత్తగా సమాచారం పోగుచేయాల్సిన పని కూడా లేదు. బీమా కంపెనీల క్లెయిమ్‌ల వివరాలు హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోకు చేరుతున్నాయి. బీమా నియంత్రణ సంస్థ కార్యాలయమూ అదే నగరంలో, నానక్‌రామ్‌గూడలో ఉంది. పాలసీ గడువు మీ శాఖ వాహనాల రికార్డుల వ్యవస్థ అయిన వాహన్‌లో కనబడుతున్నప్పుడు, అదే నంబరుకు సంబంధించిన టోటల్ లాస్ క్లెయిమ్ మాత్రం ఎందుకు కనబడకూడదు? ఇప్పుడు మాలాంటివాళ్లం పాత పాలసీలు అడిగి తీసుకుని, అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏ ఏడాది సున్నాకు పడిందో చూసి, ఆ ఏడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉంటుందని ఊహించుకుంటున్నాం. లక్షలు పోసి కొనే వస్తువు విషయంలో ఊహ మీద ఆధారపడవలసి రావడం న్యాయం కాదు.

అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు అక్కడ మొదటి కారు కొనేటప్పుడే ‘సాల్వేజ్ టైటిల్’ (టోటల్ లాస్ అయిన కారు పత్రం), ‘రీబిల్ట్ టైటిల్’ (అలాంటి కారును బాగుచేశాక ఇచ్చే పత్రం) అన్న మాటలు నేర్చుకుంటారు, ఎందుకంటే ఆ ముద్ర కారు పత్రం మీదే ఉంటుంది. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బీమా కంపెనీలు చాసిస్ దెబ్బతిన్నవాటిని ఎస్ అని, దెబ్బతిననివాటిని ఎన్ అని వేరుచేస్తున్నాయి. మళ్లీ రోడ్డెక్కకూడని వాటిని ఏ, బీ తరగతుల్లో పెడుతున్నాయి. నేను పైన చెప్పిన తేడాను పట్టుకున్నది ఈ బ్రిటన్ పద్ధతే కాబట్టి మనకు అదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

కాబట్టి టోటల్ లాస్‌గా తేలిన ప్రతి వాహనం వివరం, చాసిస్ దెబ్బతిన్నదా లేదా అన్న సర్వేయర్ మాటతో సహా, వాహన్‌లో నమోదై ఆర్సీ మీద కనబడేలా చేయాలని, అలాంటి వాహనం ఎయిర్‌బ్యాగ్‌లు, బెల్టులు, చాసిస్ కొలతలు పరీక్షించి ధ్రువీకరించాకే మళ్లీ రోడ్డెక్కేలా నిబంధన తేవాలని, ఫారం 29లో ప్రమాదాల గురించి అమ్మేవారి ప్రకటన చేర్చాలని మిమ్మల్ని కోరుతున్నాను. మూడింటిలో ఏది ముందు అని అడిగితే మొదటిదే అంటాను.

నేను వద్దనుకుని వచ్చేసిన మూడు వారాలకు ఆ కారు అమ్ముడుపోయింది. కొన్నవారికి స్టీరింగ్‌లో ఏముందో చెబుదామని ప్రయత్నించాను. యాప్‌లో యజమాని పేరు పూర్తిగా కనబడదు, అమ్మిన వ్యక్తి నా ఫోను ఎత్తడం లేదు. ఆ కారు నంబరు, మేస్త్రీ మూత విప్పినప్పుడు నేను తీసిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. మీ శాఖ నుంచి ఎవరు అడిగినా అదే రోజు పంపిస్తాను. కొన్నవారి చిరునామా మీ రికార్డుల్లో ఉంది కాబట్టి, దయచేసి ముందుగా ఆ కుటుంబానికి కబురు చేయించండి.

భవదీయుడు,
విజయవాడకు చెందిన ఒక పౌరుడు