తీగ వాయిద్యానికి మాస్టారు, మాస్టారికి ఒక గది

సంపాదకులు గారికి నమస్కారములు.

పదో తరగతి పరీక్షలయ్యాక మా మనవరాలు ముచ్చటపడితే యుకులేలే అనే నాలుగు తీగల చిన్న వాయిద్యం కొనిపెట్టి, ఫోనులో పాఠాలు చూసుకుంటూ నేర్చుకోవచ్చులే అని ఊరుకున్న పొరపాటు నాది. ఎనిమిది నెలలు అమ్మాయి శ్రద్ధగానే సాధన చేసింది. నాలుగైదు పాటలకు కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే పట్లు, పట్టడం వచ్చింది గాని, ఏ పాట వాయించినా ఒకటే పాటలా వినిపించేది. పైగా గిటారు తెలిసిన పక్కింటి కుర్రవాడు నాలుగో తీగ అన్నిటికన్నా మంద్రంగా ఉండాలని చెప్పి, దాన్ని ఒక స్థాయి కిందికి దించేయడంతో ఆ తీగ వదులై బరబరమనడం మొదలుపెట్టింది.

చర్చి కూటాల్లోనూ పెళ్ళి కచేరీల్లోనూ ఏళ్ళ తరబడి తీగ వాయిద్యాలు వాయించిన మాస్టారు ఒకరు మా ఊళ్ళోనే ఉన్నారని తెలిసి, అమ్మాయిని ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన ముందుగా ఆ నాలుగో తీగను పైకి బిగించి, పాశ్చాత్య సంగీతంలోని సి స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఈ వాయిద్యంలో పై నుంచి కిందికి పంచమం (ప), షడ్జమం (స), అంతర గాంధారం (గ), చతుశ్రుతి ధైవతం (ద) వరుసగా ఉంటాయనీ, ఆ పంచమం మంద్రస్థాయిది కాదనీ, గాంధార ధైవతాల నడుమ పలికేదనీ మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ వెంటనే మోహన రాగం ఆరోహణ వాయించి చూపారు. షడ్జమం, గాంధారం, పంచమం, ధైవతం నాలుగూ మెట్టు నొక్కకుండానే పలుకుతాయి. రిషభానికి (రి) మూడో తీగ రెండో మెట్టు, పై షడ్జమానికి మొదటి తీగ మూడో మెట్టు నొక్కితే చాలు. గాంధారం తరువాత చెయ్యి పై తీగకు ఎగబాకి, మళ్ళీ అడుగు తీగకు దిగుతుంది కనుక ఒక స్వరం ఆగకముందే మరొకటి కలిసి చిరుగంటల్లా మోగుతాయి. ఈ పద్ధతికి ‘కంపనెల్లా’ అని పేరట. ఎనిమిది నెలలుగా చేతిలో ఉన్న వాయిద్యంలో ఇంత సొగసు ఉందని మా ఇద్దరికీ ఆ సాయంత్రమే తెలిసింది.

అసలు లోపం కుడిచేతిలో ఉందని ఆయన పట్టుకున్నారు. అమ్మాయి చెయ్యంతా బిగబట్టి, బొటనవేలితో తీగల్ని బాదుతోంది. మణికట్టు వదులుగా ఉంచి, చూపుడువేలి గోటితో కిందికీ, వేలి కండతో పైకీ, అదీ మెడ పెట్టెను కలిసే చోట మీటాలని చెప్పి, చెయ్యి పట్టుకుని దిద్దారు. చిటికెనవేలి నుంచి ఒక్కొక్క వేలినీ విసనకర్ర విప్పినట్టు జార్చే మీటు, మీటిన వెంటనే అరచేతి అంచుతో తీగల్ని నొక్కి మృదంగం మీద మూసిన దెబ్బలాంటి చప్పుడు తెప్పించే మీటు తరువాతి వారాల్లో నేర్పారు. ఫోనులోని పాఠం ఇవన్నీ చూపిస్తుంది, కాదనను. మన చెయ్యి ఎక్కడ తప్పుతోందో మాత్రం దానికి కనబడదు.

1879లో మదీరా దీవి నుంచి హవాయి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన పోర్చుగీసు కుటుంబాలతో పాటు వెళ్ళిన చిన్న తీగ వాయిద్యమే అక్కడ యుకులేలేగా మారింది. పరాయి వాయిద్యం మన పిల్లలకెందుకని అడిగేవారికి నా జవాబు మా ఊరే. పరాయిదే అయిన మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టిన ఊరు పాలకొల్లు. ఆయనకు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడితే శిష్యుడు దాన్ని తీగమీద పలికించేవాడు. వీణకు ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారినీ, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబు గారినీ ఇచ్చిన సీమ ఇది. యుకులేలే పొట్టి నైలాన్ తీగల మీద వీణలోలా స్వరాన్ని ఊపి పలికించే గమకమంతా పలకదు, వేలు తీగ మీద జార్చే జారుతోనే సరిపెట్టుకోవాలి. ఆ సంగతి కూడా మా మాస్టారే మొదటి వారంలో నిర్మొహమాటంగా చెప్పేశారు.

ఆయన దగ్గర ఇప్పుడు పదకొండు మంది పిల్లలు నేర్చుకుంటున్నారు. పాఠం ఇంటి వరండాలోనే. వానాకాలంలో జల్లు లోపలికి కొడుతుంది. మన కాలువగట్ల చెమ్మకు చెక్క ఉబ్బి, బిరడాలు బిగుసుకుని, శ్రుతి చేసుకోవడానికే సగం పాఠం అయిపోతుంది. ఇలాంటి గురువులు భీమవరంలోనూ, నరసాపురంలోనూ, అమలాపురంలోనూ ఉండకపోరు. సాయంత్రాలు ఖాళీగా ఉండే పురపాలక పాఠశాలల గదుల్లో ఒక్కొక్కటి వారానికి రెండు రోజులు వారికి కేటాయించమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఫ్యాను, దీపాల ఖర్చు తల్లిదండ్రులమే భరిస్తాం. మా మాస్టారు రావడానికి ఒప్పుకున్నారు, నేను అడిగిన బడివారూ కాదనలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గరే రెండు నెలలుగా మాట ఆగిపోయింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.