వేలి వాపును కోసే ముందు ఎక్స్‌రే, కోశాక బయాప్సీ తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

వేలు వాచి ఎర్రబడితే మనవాళ్లు గోరుచుట్టు అంటారు. నిమ్మకాయ తొడుగుతారు, ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్స్ వాడతారు, అప్పటికీ తగ్గకపోతే కోయించుకుంటారు. చాలామందికి తగ్గిపోతుంది కూడా. తగ్గని కొద్దిమంది గురించే ఈ ఉత్తరం. ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

చేతి ఎముకల్లో క్యాన్సర్ చాలా అరుదు. కానీ వచ్చినప్పుడు ఇన్ఫెక్షన్‌లాగే కనిపించవచ్చు. ఎక్కువగా పిల్లలకు, 20 ఏళ్లలోపు వారికి వచ్చే ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్‌నే చూడండి. వాపు, నొప్పి, వేడి, ఒక్కోసారి జ్వరం. రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే అంకె), తెల్లకణాలు కూడా పెరగొచ్చు. కోస్తే చీములాంటి ద్రవమే రావచ్చు. ఇక వేలి ఎముకకు టీబీ కూడా వస్తుంది కనుక, బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టే ప్రమాదం మన దగ్గర ఎక్కువ. పెద్దవాళ్లలోనైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ వేలి కొసకు పాకి, అసలు జబ్బు కంటే ముందు అదే బయటపడిన సందర్భాలున్నాయి.

తెలియక కోస్తే క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న కండలోకి చేరొచ్చు. నిలబెట్టగలిగిన వేలిని, ఒక్కోసారి చేతినే తీసేయాల్సి రావచ్చు. ఈలోగా జబ్బు ఊపిరితిత్తులకు పాకితే బతికే అవకాశం బాగా పడిపోతుంది.

మండలానికో ఎమ్మారై కావాలని నేను అడగడం లేదు. మందులు వాడినా రెండు వారాల్లో తగ్గని వేలి వాపుకు ఎక్స్‌రే తీయాలి. ఎముకను ఏదో తినేసినట్టుగా కనిపిస్తే అక్కడ కోయకుండా హైదరాబాద్ ఎంఎన్‌జేకో, విశాఖ హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికో పంపాలి. బయాప్సీ కూడా తర్వాత ఆపరేషన్ చేసే బృందమే చేయడం మంచిది. అప్పటికే కోసి ఉంటే, తీసిన ముక్కలో కొంత సెలైన్‌లో కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు), కొంత ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో ప్యాథాలజీకి (క్యాన్సరేమో చూసే పరీక్షకు) పంపాలి. ‘చీము అనుకున్నదాన్ని బయాప్సీకి, క్యాన్సర్ గడ్డ అనుకున్నదాన్ని కల్చర్‌కు పంపు’ అనే మాట సర్జన్లకు తెలియనిది కాదు. కానీ నేను చూసినంతవరకు చిన్న ఆసుపత్రుల్లో ఆ ముక్క చెత్తబుట్టలోకే పోతోంది. ఫార్మలిన్ సీసాకు అయ్యే ఖర్చెంత?

రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ దీనిపై ఏరియా ఆసుపత్రులకు, ప్రైవేటు నర్సింగ్ హోములకు రాతపూర్వక ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ఏలూరు