కూపన్ కోసం కొన్న షాంపూలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పేపర్లో వచ్చే కూపన్లు కత్తిరించి డబ్బాలో దాచుకునే వాళ్లలో నేనూ ఒకదాన్ని, ఫోన్‌కి వచ్చే కోడ్‌లు కూడా వదలను, అందుకని నేను కూపన్లని తిట్టడానికి రాస్తున్నానని అనుకోకండి. పోయిన వారం బాత్రూమ్ అల్మరా సర్దుతుంటే ఏడు షాంపూ సీసాలు బయటపడ్డాయి. ఇంట్లో ఉండేది ఇద్దరం. రెండు సీసాలకి గడువు దాటిపోయింది, ఒకటి మూత దగ్గర కారిపోయి పక్కనున్న సబ్బుల అట్టపెట్టెలు తడిసి ముద్దయ్యాయి. అన్నీ తగ్గింపులో కొన్నవే, కొన్న రోజున భలే దొరికిందని సంబరపడ్డవే.

ఆ చిరాకులో పాత బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. నా డబ్బు ఎక్కువగా పోయింది "కనీసం ఇంత కొంటేనే" అనే లైను దగ్గరే. నాకు కావాల్సినవి 380కి వచ్చాయనుకోండి, 500 దాటితే 50 తగ్గిస్తామని కూపన్ ఉంది, ఇంకేముంది, మరో 120కి ఏదో ఒకటి బుట్టలో పడేస్తాం, చివరికి కట్టేది 450. మీరు 50 ఆదా చేశారని బిల్లు కింద పెద్దక్షరాలతో ఉంటుంది. జేబులోంచి 70 అదనంగా పోయిన సంగతి మాత్రం ఎక్కడా ఉండదు. ఆ 120 సరుకు ఎలాగూ వచ్చే వారం కొనాల్సిందే అయితే అప్పుడది నిజంగా లాభమే, కాదనను. అందుకే ఇప్పుడు ముందు చీటీ రాసుకుంటున్నాను, ఆ తర్వాతే డబ్బా తెరుస్తున్నాను. ఇదివరకు డబ్బా చూసి చీటీ రాసేదాన్ని!

"వరకు", "గరిష్ఠంగా" అనే మాటల దగ్గర కూడా కాస్త ఆగాలి. 20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100 అన్నారంటే 500 బిల్లు దాకానే అది 20 శాతం. 2000కి కొంటే నికరంగా మిగిలేది 5 శాతమే. 20 మీద ఇంకో 10 శాతం అదనం అంటే 30 అనుకుంటాం గానీ వచ్చేది 28. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నది మూడో వంతు తగ్గింపు, అదీ మూడూ వాడుకుంటేనే. పేరున్న బట్టల సబ్బుపొడికి కూపన్ ఉందని ఎగబడే ముందు, పక్క రకం కూపన్ లేకుండానే 100 గ్రాములకి ఎంత పడుతుందో చూడండి. చాలాసార్లు పక్కదే చవక.

ఇంకోటి, వాపసు. ఒకసారి కూపన్ మీద కొన్న నాలుగింటిలో ఒకటి బాగోలేదని తిరిగిస్తే, మీ బిల్లు కనీస మొత్తం కంటే కిందికి వచ్చిందండీ అని ఇచ్చిన తగ్గింపు మొత్తం కోసుకుని మిగతాది చేతిలో పెట్టారు. షరతుల్లో ఉందట. చదవకపోవడం నా తప్పే.

ఈ బలహీనత నా ఒక్కదానిదే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ 2012లో కూపన్లు, సేల్స్ దాదాపు ఎత్తేసి, రోజూ ఒకే తక్కువ ధర అని మొదలుపెట్టింది. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ ఏడాది అమ్మకాలు పాతిక శాతం పడిపోయాయి, 2013 ఏప్రిల్లో ఆ పద్ధతి తెచ్చిన సీఈఓకి పదవి పోయింది, కూపన్లు మళ్లీ వచ్చాయి. ధర తక్కువగా ఉండటం కంటే తగ్గించారన్న మాట చెవిన పడటమే మనకి ఇష్టం కాబోలు. అమ్మేవాళ్లకి అది మనకంటే బాగా తెలుసు. లేకపోతే ఫోన్‌లో ఆ "ఇంకా 2 గంటలే" అనే గడియారం ఎందుకు, మనకి టెన్షన్ పెట్టడానికి కాకపోతే.

మీరొక పని చేయగలరు. కూపన్ ప్రకటనలు తీసుకునేటప్పుడు కనీస బిల్లు, గరిష్ఠ తగ్గింపు, ఆఖరి తేదీ, ఈ మూడూ తగ్గింపు అంకె పక్కనే చదవగలిగే సైజులో వేయమని అడగండి. ఇప్పుడవి చుక్క గుర్తు పెట్టి అట్టడుగున ఎక్కడో ఉంటున్నాయి, కళ్లజోడు పెట్టుకున్నా ఆనడం లేదు.

షాంపూ సీసాలు ఇంకా నాలుగున్నాయి. అవి అయ్యేదాకా షాంపూ కూపన్ కనిపిస్తే పేజీ తిప్పేస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు