షార్ట్ సర్క్యూట్ అని రాసి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, ఎక్కడో ఒకచోట కారు తగలబడిన వార్త పత్రికలో కనిపిస్తుంది. చివర్లో 'షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు' అని ఉంటుంది. నేను విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ని. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న. షార్ట్ అయితే ఫ్యూజు ఎందుకు పోలేదు? అది ఉన్నదే అందుకు కదా! నా సొంత కారులో చూసింది చెబితే కొంత జవాబు దొరుకుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సంక్రాంతికి మా అబ్బాయి నా పాత కారులో ఆండ్రాయిడ్ స్టీరియో, డిక్కీలో ఆంప్లిఫయర్ (స్పీకర్ల శబ్దం పెంచే పెట్టె) పెట్టించాడు. 'తాళం తీసేసినా పాటలు వస్తాయి' అని షాపువాళ్లు గొప్పగా చెప్పి పంపారట. పది రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఇంటిముందు పెట్టిన కారు సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి సెల్ఫ్ తీసుకోలేదు. మా ఆవిడను విజయవాడలో రత్నాచల్ ఎక్కించాలి. ఆ చీకట్లో ఇంకో బండి దొరికి మేం వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది. వాళ్ల అక్కయ్యకు ఆపరేషన్ ఆ రోజే. ఆవిడ ప్లాట్‌ఫారం మీద కళ్లనీళ్లు పెట్టుకుంది.

మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు, కొత్తది వేయించాం. మూడు వారాలకు అదీ పడుకుంది. షాపుకు వెళితే బ్యాటరీ పీసు మంచిది కాదన్నారు. ఈసారి ఎవరి మాటా వినకుండా నా మల్టీమీటరు బయటికి తీశాను.

బ్యాటరీకి ఫుల్ చార్జింగ్ పెట్టించి చూస్తే 12.6 వోల్టులు. ఇంజిన్ ఆన్ చేస్తే 14.1. అంటే బ్యాటరీ, ఇంజిన్ తిరిగేటప్పుడు దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ రెండూ బాగున్నాయి. బండి ఆపాక కరెంటు ఎక్కడికో పోతోంది. నెగటివ్ టెర్మినల్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, టెర్మినల్‌కూ ఆ వైరుకూ మధ్య కలిపాను. తలుపు గడిని స్క్రూడ్రైవర్‌తో నొక్కి లోపలి లైటు ఆరిపోయేలా చేశాను. కారులోని కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లడానికి అరగంట ఆగాను. ఎవరైనా ఇలా చూసేటప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది.

మీటరు 0.62 ఆంపియర్లు చూపించింది. మామూలుగా 0.05 దాటకూడదు. కారు ఆగి ఉన్న 55 గంటలకు లెక్క కడితే 34 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తం పట్టేదే 35! ఒక్కో ఫ్యూజూ పీకి చూస్తూ వచ్చాను. స్టీరియో ఫ్యూజు పీకగానే 0.03కి పడిపోయింది. అప్పుడు డిక్కీ తెరిచి ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది.

స్టీరియో బయటికి లాగితే అసలు సంగతి తెలిసింది. కంపెనీ కప్లర్ (వైర్లను కోయకుండా కలిపే ప్లగ్గు) కోసేశారు. స్టీరియోకి పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, మెమరీ కోసం. ఎరుపు తాళం తిప్పితేనే కరెంటు రావాల్సినది. రెండింటినీ కలిపి మెలిపెట్టి టేపు చుట్టారు. ఇంక స్టీరియోకి రాత్రీ పగలూ బండి ఆన్‌లో ఉన్నట్టే. ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే సిగ్నల్ స్టీరియో నుంచే వెళుతుంది కాబట్టి స్క్రీన్ ఆపినా అది ఆగదు. ఎండకు టేపు జిగురు కరిగి రాగి బయటపడింది, పక్కనే ఇనుప బ్రాకెట్. ఫ్యూజు బాక్సులో 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట 30ది పెట్టారు. అది పోయేలోపు వైరే కాలొచ్చు. పల్లెల్లో ఫ్యూజు పోతే మూడు పోగుల రాగితీగ చుట్టిన ఇళ్లను నేను ఎన్నిసార్లు విప్పించానో!

ఇంతకంటే భయపెట్టింది ఇంకొకటి. బ్యాటరీ నుంచి డిక్కీకి వెళ్లే లావు వైరుకి బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. ఇంజిన్ వెనక రేకుకు పెట్టిన రంధ్రంలోంచి, రబ్బరు వాషర్ కూడా లేకుండా దూర్చారు. ఆ అంచుకు వైరు ఒరిసి ఒరిసి పైతొడుగు తెగితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఆ రేకులోకి కుమ్మరిస్తుంది. ఆంప్లిఫయర్‌కి ఉన్న ఫ్యూజు అవతలి చివర ఉంది, అది ఇక్కడి షార్ట్‌ను ఆపలేదు. అందుకే ఆ ఫ్యూజు బ్యాటరీకి ఒకటిన్నర అడుగు లోపే ఉండాలి.

ఇంజిన్ రేస్ చేస్తే స్పీకర్లలో ఈల వచ్చేది కూడా. ఎర్త్ బోల్టు పెయింట్ మీదే బిగించారు. గీకి, మెరిసే ఇనుము మీద మళ్లీ బిగిస్తే పోయింది.

కప్లర్ ధర కొన్ని వందలే. వైర్లు కోయకుండా దానితోనే బిగించమని అడగండి. ఏ వైరు ఎక్కడ కలిపారో, ఏ ఫ్యూజు ఎంతదో బిల్లు మీద రాయించుకోండి. రవాణా శాఖ అధికారులు కూడా ఈ బిల్లును తప్పనిసరి చేస్తే బాగుంటుంది. మీ విలేకరులకు నా విన్నపం: ఈసారి కారు తగలబడిన చోటికి వెళితే, అందులో బయటి షాపులో బిగించిన స్టీరియో సెట్టు ఏమైనా ఉందా, బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా అని అడిగి, ఆ జవాబు కూడా వార్తలో రాయండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్,
తెనాలి