టీచరు చేతి మీది పచ్చబొట్టు

గౌరవనీయులైన సంపాదకులకు,

బెంగళూరు కె.ఆర్.పురం ప్రాంతంలో 22 ఏళ్లుగా ప్రాథమిక తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ ఏడాది మా పాఠశాలలో చేరిన ఒక యువ ఉపాధ్యాయురాలి మణికట్టు లోపలి వైపు తెలుగులో "అమ్మ" అని పచ్చబొట్టు ఉంది. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఆ అమ్మాయి, తల్లి చనిపోయిన ఏడాది దాన్ని వేయించుకుంది. ఇంటర్వ్యూలో ఎవరూ దాని ఊసెత్తలేదు. చేరిన మూడో వారంలో మాత్రం, ఎవరో విద్యార్థి తండ్రి అభ్యంతరం చెప్పారంటూ, నిండు చేతుల రవిక తొడుక్కోవాలని, లేదా ప్లాస్టరు అతికించుకుని తరగతికి వెళ్లాలని యాజమాన్యం నోటిమాటగా చెప్పింది. అప్పటి నుంచి ఆమె రోజూ ప్లాస్టరుతోనే వస్తోంది. "మిస్, దెబ్బ ఇంకా మానలేదా?" అని రెండో తరగతి పిల్లలు జాలిగా అడుగుతుంటే ఏం చెప్పాలో తోచక మాట మారుస్తోంది. నిజం చెప్పమని పిల్లలకు నేర్పవలసిన మనిషి చేత రోజూ ఒక అబద్ధాన్ని మోయిస్తున్నామే అన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

పచ్చబొట్టు మన ఇళ్లకు కొత్తది కాదు. మా అమ్మమ్మ ముంజేతి మీద తాతయ్య పేరు ఉండేది. భర్త పేరు నోటితో పలకడానికి సంకోచించిన ఆ తరం స్త్రీలు, ఊరికి వచ్చిన ఎరుకలసాని ముందు చేయి చాచి, సూదిపోట్లు ఓర్చుకుని ఆ పేరును ఒంటి మీద రాయించుకున్నారు. కన్నడిగులు దాన్ని హచ్చె అంటారు, తమిళులు పచ్చై కుత్తుదల్ అంటారు. బంజారా, గోండు స్త్రీలకు అది ఈనాటికీ వంశం నుంచి వచ్చిన అలంకారం. ఒక తండా నుంచి చదువుకుని వచ్చిన యువతి, చిన్నతనంలోనే గడ్డం మీద పొడిపించిన మూడు చుక్కలతో ఉపాధ్యాయ పదవికి వస్తే ఆమెను ప్లాస్టరు ఎక్కడ అతికించుకోమంటాం? అమ్మమ్మ చేతి మీద ఉన్నప్పుడు ముద్దుగా తడిమిన గుర్తే, కోరమంగళలోని దుకాణంలో యంత్రంతో వేయించుకున్న అమ్మాయి చేతికి వచ్చేసరికి క్రమశిక్షణ లోపమైపోవడం నాకు అన్యాయంగా తోస్తోంది.

పిల్లలు చూసి అనుకరిస్తారన్న తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ప్లాస్టరు పడక ముందు ఆ తరగతిలో జరిగింది వేరు. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లు కనుక, ఒక కన్నడ పిల్లవాడు ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివి, "మిస్, ఇది మా అమ్మే కదా" అని సంబరపడ్డాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడా తెలుగు అక్షరం ఎరుగని మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ రోజు దాన్ని నోటు పుస్తకంలో రాసుకున్నారు.

అంటే హద్దులే వద్దని నా అభిప్రాయం కాదు. బూతు, హింస, మత్తుపదార్థాల బొమ్మలు తరగతిలో కనిపించకూడదనడంలో వాదనకు తావు లేదు. అంతకన్నా ముఖ్యంగా నేను పట్టించుకునేది పార్టీ గుర్తులను, కులాన్ని చాటే మాటలను. నాయకుల పేర్లు, కులం పేర్లు చేతుల మీద పొడిపించుకునే అలవాటు మన తెలుగు యువతలో ఉంది. అలాంటి చేయి మార్కులు వేస్తుంటే వేరే ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు న్యాయం మీద అనుమానం కలగడం సహజం. పైగా ప్రభుత్వ ఉపాధ్యాయులు ఎన్నికలనాడు పోలింగ్ విధుల్లో కూర్చుంటారు. ఓటరు వేలికి సిరా పెట్టే చేతి మీదే ఒక పార్టీ గుర్తు ఉంటే ఎవరు ఒప్పుకుంటారు?

కనుక చూడవలసింది పచ్చబొట్టు ఏం చెబుతోందన్నది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నియామక ప్రకటనలు కూడా ఈ పద్ధతినే పాటిస్తున్నాయి. పేర్లను, మత చిహ్నాలను అనుమతిస్తూ, అవి సెల్యూట్ చేయని ఎడమ ముంజేయి లోపలి వైపు గానీ చేతుల వెనుక వైపు గానీ ఉండాలని, ఆ భాగంలో పావు వంతు కన్నా తక్కువగా ఉండాలని ముందే ముద్రించి చెబుతున్నాయి. ఫ్రాన్సులో కొన్నేళ్ల కిందట, ముఖంతో సహా ఒళ్లంతా పచ్చబొట్లు వేయించుకున్న ఉపాధ్యాయుణ్ణి చూసి ఒక పసిబిడ్డ జడుసుకున్నాడన్న ఫిర్యాదు మీద, ఆయనను ఆరేళ్ల లోపు పిల్లల తరగతుల నుంచి తప్పించారు గానీ పెద్ద పిల్లలకు చెప్పే ఉద్యోగాన్ని తీసేయలేదు. పిల్లల వయసును బట్టి నిర్ణయం మారవచ్చునని నేనూ ఒప్పుకుంటాను.

వ్యక్తి రూపం, వేషధారణ భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని, రాజ్యాంగం విధించిన పరిమితులకు అవి లోబడి ఉంటాయని 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద వచ్చిన నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రైవేటు పాఠశాలను నేరుగా కట్టడి చేస్తుందని నేను వాదించను. కానీ ప్రతి యాజమాన్యమూ తన నియమాన్ని కాగితం మీద పెట్టి, ఏవి కూడదో, ఎందుకు కూడదో నియామకపత్రంతోనే ఇవ్వవచ్చు. లేజరుతో చెరిపించుకోవాలంటే ఎన్నో విడతలు, ఎంతో ఖర్చు అయ్యే గుర్తు గురించి, ఉద్యోగంలో చేరాక, పాత ఊరు వదిలి ఇల్లు అద్దెకు తీసుకున్నాక చెప్పడం సరికాదు. వచ్చే విద్యా సంవత్సరపు నియామకాలు మొదలయ్యే లోపు కర్ణాటక విద్యాశాఖ ఈ మేరకు అన్ని పాఠశాలలకూ ఒక సూచన పంపాలని, అందాకా మా సహోద్యోగిని చేతి ప్లాస్టరును తీయనివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు