అతుక్కుపోయిన తపాలా బిళ్లల గురించి మా కొనుగోలుదారులకు

వాడని బిళ్లలు నిల్వ ఉంచిన ఒక పెట్టెలో చాలా షీట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిలో కొన్నింటికి మీలో కొందరు ఇప్పటికే డబ్బు కట్టారు. మీ పొట్లాలు ఆలస్యమయింది అందుకే. రెండు వారాలుగా అడిగినవారికి ‘సిద్ధం చేస్తున్నాం’ అని మాత్రమే జవాబిచ్చాను. అసలు సంగతి మొదటి రోజే చెప్పవలసింది. క్షమించండి.

తప్పు పూర్తిగా నాది. గాలి చొరబడని ప్లాస్టిక్ పెట్టెలో పెడితే చెమ్మ దరిచేరదని నమ్మాను. ఆ షీట్లను పెట్టెలో సర్దిన రోజున గాలిలో తేమ ఎక్కువగా ఉంది. కాగితం పీల్చుకున్న ఆ తేమను నేనే లోపల పెట్టి మూత బిగించాను. షీటుకూ షీటుకూ మధ్య గ్లాసిన్ అనే పలుచని, నున్నని కాగితం వేయలేదు. చోటు చాలక పెట్టెలో షీట్ల పైనే బరువైన ఆల్బములు పేర్చాను. తడి, ఒత్తిడి, నెలల వ్యవధి. ఇవి మూడూ కలిస్తే జిగురు తన పని తాను చేసుకుపోతుంది.

తడి తగిలితే అంటుకోవడం కోసమే ఆ జిగురు పూస్తారు. 1840లో బ్రిటన్‌లో వచ్చిన తొలి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్ వెనుక ఉన్నది బంగాళాదుంప పిండితో చేసిన జిగురు. తర్వాత తుమ్మ జాతి చెట్ల బంక, పిండి నుంచి తీసే డెక్స్ట్రిన్ అనే జిగురు చాలాకాలం రాజ్యమేలాయి. ఇవన్నీ నాలుకతో తడపకపోయినా గాలిలోని తేమను లాక్కుని మెత్తబడతాయి. బ్రిటన్‌లో 1968 నుంచి వాడకంలోకి వచ్చిన పీవీఏ అనే కృత్రిమ జిగురు ఇంత తొందరగా మెత్తబడదు. నా పెట్టెలోనూ ఆ రకం షీట్లు చాలావరకు బాగానే ఉన్నాయి. దెబ్బతిన్నవి దాదాపు అన్నీ పాత బంక పూసినవే.

మొదట ఫ్రీజర్‌తో ప్రయత్నించాను. సంచిలో వేసి ఒక రాత్రి ఉంచితే చలికి జిగురు పెళుసుబారుతుంది. బయటికి తీసిన వెంటనే, చల్లని కాగితంపై గాలిలోని తేమ చేరకముందే, మూలను కొద్దిగా వంచి చూడాలి. పైపైన అంటుకున్నవి చిన్న చిటుక్కుమనే శబ్దంతో విడిపోయాయి. వాటి జిగురు మీద మచ్చ కూడా లేదు. అలా విడివడినవి తక్కువే. మిగతావాటిని బలవంతంగా లాగితే కాగితం పొర లేచిపోతుందని అర్థమై ఆపేశాను.

తర్వాతిది తేమ పెట్టె. మూత ఉన్న డబ్బా అడుగున తడిపి పిండిన స్పాంజి, దానిపై ప్లాస్టిక్ జల్లెడ, జల్లెడ మీద బిళ్లలు. నీరు బిళ్లను తాకకూడదు, ఆవిరి మాత్రమే తాకాలి. రెండు గంటలకొకసారి మూత తీసి చూస్తూ వచ్చాను. ఒకటి రెండు రోజులు వదిలేస్తే బూజు పడుతుంది, జిగురంతా కారిపోతుంది. ఒక నాలుగు బిళ్లల గుత్తి ఏడో గంటకు కదిలింది. పట్టకారుతో మూల పట్టి కాస్త ఎత్తగానే, రెండు పొరల మధ్య జిగురు సాలెగూటి పోగులా సాగింది. ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి చొప్పున ఎత్తాను. పై బిళ్లలు క్షేమంగా వచ్చాయి. కింది బిళ్లల ముఖం మీద మాత్రం పై వాటి జిగురు పలుచని పొరలా నిలిచిపోయింది. వెలుతురులో వంచి చూస్తే మెరుస్తుంది. జిగురు వైపు పైకి వచ్చేలా, అంటుకోని నున్నని కాగితం మీద వాటిని ఆరబెట్టాను. జిగురు ఆరింది గానీ, అచ్చువేసిన రోజున ఉన్న సమమైన నిగారింపు పోయింది, అక్కడక్కడా గీరలు పడ్డాయి.

‘ఏకంగా నీళ్లలో నానబెట్టి జిగురు కడిగేయవచ్చు కదా’ అని ఒకరు అడిగారు. కొన్నింటికి అదే సరైన దారి. 1935లో ఓస్ట్రోపా అనే తపాలా బిళ్లల ప్రదర్శన కోసం జర్మనీ విడుదల చేసిన షీటు జిగురులో ఆమ్లం ఉండి కాగితాన్నే తినేస్తుంది కాబట్టి, సేకరణదారులు దాన్ని కడిగి కాపాడుకున్నారు. కానీ అన్ని రంగులూ నీటికి ఓర్చవు. 1883-84లో బ్రిటన్ విడుదల చేసిన లేత ఊదా, ఆకుపచ్చ బిళ్లల రంగు, తపాలా ముద్రను చెరిపి మళ్లీ వాడకుండా ఉండేందుకు, కావాలనే నీళ్లకు పోయేలా తయారైంది. అలాంటివి నా పెట్టెలోనూ నాలుగు ఉన్నాయి. వాటిని నీళ్లలో వేయను. విడిపోకపోతే జంటగానే ఉంచుతాను.

ఇక అమ్మకం సంగతి. ఫ్రీజర్‌లో మచ్చ లేకుండా విడిపోయినవి చెక్కుచెదరని అసలు జిగురుతో ఉన్నట్టే లెక్క. అయినా ఆ మాట బిళ్ల పక్కనే రాసి పెడతాను. తేమ పెట్టెలో విడిపోయినవి ‘జిగురు చెదిరినవి’గా, కడిగినవి ‘జిగురు లేనివి’గా మాత్రమే వెళతాయి. వీటి వెనుక కొత్త జిగురు పూయడం మా దగ్గర జరగదు. అలా చేసే వ్యాపారం ఉందని మీకు తెలుసు, దాన్ని పట్టుకునే చిట్కా కూడా తెలుసుకోండి. అసలు షీటుకు జిగురు పూసిన తర్వాతే చిల్లులు వేస్తారు కాబట్టి, విడదీసిన బిళ్ల పళ్ల కొసల్లో కాగితపు నూగు మెత్తగా ఉంటుంది. మళ్లీ పూసిన బిళ్లలో ఆ కొసలకు జిగురు పట్టి గట్టిగా, ముల్లులా తగులుతాయి. భూతద్దంతో చూస్తే తేడా స్పష్టం.

డబ్బు కట్టినవారికి ఒక్కొక్కరికీ నేనే రాస్తున్నాను. చెక్కుచెదరని అసలు జిగురు కోసం కొన్నవారికి మొత్తం సొమ్ము వెనక్కి వస్తుంది. పొట్లం ఖర్చు కూడా మాదే. చెదిరిన జిగురుతో సరిపెట్టుకుంటామన్నవారికి ఆ స్థితికి తగ్గ ధర వేసి, ముందూ వెనుకా ఫోటోలు పంపుతాను. అవి చూశాకే నిర్ణయించుకోండి.

గత ఆరు నెలల్లో మా దగ్గర పూర్తి షీట్లు కొన్నవారు దయచేసి ఒకసారి సంచి తెరిచి చూడండి. అవీ ఇదే పెట్టెలోంచి వచ్చి ఉండవచ్చు. మూల అంటుకున్నట్టు అనిపిస్తే గోటితో గానీ చాకుతో గానీ విడదీయబోకండి. షీట్లను పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచి, అంటుకోనివాటి మధ్య గ్లాసిన్ కాగితం వేసి, ఉన్నది ఉన్నట్టుగా నాకు తిరిగి పంపండి. తేమ పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది.